కీబోర్డు ఆగాక వినపడ్డ మాట

ఐర్లండులో డ్రోహెడా ఊరి శివార్లలో, హర్లింగ్ అనే కర్రబంతి ఆట క్లబ్బు హాలు ముందు ఆ శనివారం పొద్దున పదింటికే కారు పెట్టడానికి చోటు లేదు. ట్రాలీ ఊరి నుంచి ఒక బస్సు, స్లైగో నుంచి మూడు కార్లు, డబ్లిన్ నుంచి ఎన్నో లెక్కే లేదు. హాలు గోడల మీద క్లబ్బు గెలిచిన కప్పులు, బురద మోకాళ్ళతో నిలబడ్డ జట్ల ఫొటోలు. వాటి మధ్య తెలుగులో పెద్ద బ్యానరు: విడుదల మహాసభలు. ఒకరు డ్రమ్ములు బిగిస్తున్నారు. ఇద్దరు బిర్యానీ డేగిసాలు దించుతున్నారు. మైకు కీచుమంటోంది. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్నారు. వేదికకు ఎడమ పక్కన, కీబోర్డు ముందు జెమీమా నిలబడి అంతా చూస్తూ నవ్వుతోంది. పరాయి దేశంలో ఇంతమంది తెలుగు విశ్వాసుల్ని ఒక్కచోట చూడటం ఆమెకు అదే మొదటిసారి.

జెమీమాది బాపట్ల దగ్గర పల్లె. ఊరి చర్చిలో హార్మోనియం మీద మొదలైన చేతులు ఆమెవి. నెట్‌వర్క్ ఇంజినీరు దేవదాసును పెళ్ళాడి, అతని ఉద్యోగం వెంట, చంకలో కూతురు కెజియాతో ఐర్లండు వచ్చింది. మొదట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు. పక్కింటివాళ్ళు పారెయ్యబోయిన కీబోర్డు తెచ్చుకుంది. అనుమతి వచ్చాక దాని మీదే పాఠాలు మొదలుపెట్టింది. ఇప్పుడు వాళ్ళ వీధిలో సగం మంది ఐరిష్ పిల్లలు ఆమె దగ్గరే సంగీతం పరీక్షలకు తయారవుతారు. వాళ్ళకు ఆమె జెమ్మా.

డ్రోహెడాలో తెలుగు సహవాసం కృపారావు గారి ముందుగదిలో అయిదు కుటుంబాలతో మొదలైంది. కృపారావు వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం సంఘ పెద్ద. ఆ గదిలో మొదటి రోజు నుంచీ వాయించింది జెమీమాయే. పెద్ద పెద్ద సభల వీడియోలు చూసి ఆమె ఒక పని నేర్చుకుంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కింద సన్నగా స్వరం పరచడం, ప్రార్థించే గొంతు పెరిగినప్పుడు దాన్ని కూడా పైకెత్తడం. "జెమీమా సిస్టర్ వాయిస్తే ఆత్మ దిగుతుంది" అనేవారు సంఘంలో. ఆ మాట ఆమెకు ఇష్టం. ఎవరికి ఉండదు!

రెండేళ్ళ కిందట ఒక ఉదయం దేవదాసు వంటగదిలో పడిపోయాడు. ఫిట్స్. ఆస్పత్రి, పరీక్షలు, పూటకో బిళ్ళ. ఏడాది పాటు బండి నడపకూడదన్నారు. రైల్లో తిరిగాడు. ఏడాది ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక లైసెన్సు తిరిగి వచ్చింది. బిళ్ళలు మాత్రం మానలేదు. మందు మత్తుకు మనిషి మందగించాడు. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక్కొక్కరూ లేచి తమకు స్వస్థత దొరికిందని చెబుతుంటే, దేవదాసు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చునేవాడు.

అలాంటి సమయంలో బ్రదర్ ఏసుదాసు వస్తున్నాడన్న కబురు వచ్చింది. హైదరాబాదులో పేరున్న ప్రవక్త. ఇంగ్లండులో సభలు ముగించుకుని ఒక్కరోజు డ్రోహెడాకు ఇస్తానన్నాడు. కృపారావు ఏడాది బతిమాలితే దొరికిన రోజు అది. సభకు ముందు మూడు రోజులు ఉపవాస ప్రార్థన చెయ్యమని సంఘానికి చెప్పారు. సాయంత్రం కూటానికి రోగులందరూ తమ మందులు వెంట తెచ్చుకుని వేదిక ముందు బుట్టలో వెయ్యాలని కూడా చెప్పారు.

సభ మొదలవడానికి ముందు, ప్రవక్త వెంట వచ్చిన నవదీప్ జెమీమా దగ్గరికొచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెడలో హెడ్‌ఫోను, చేతిలో టీ. సౌండూ సంగీతమూ అంతా అతని చేతి మీదే.

"అక్కా, మీ చెయ్యి బాగుంది. సైగలు చెబుతా, చూడండి. వేలు ఇలా గుండ్రంగా తిప్పితే అర మెట్టు పైకి. పిడికిలి బిగిస్తే అక్కడే పట్టుకోండి. అరచెయ్యి దించితే నెమ్మది."

"సరే తమ్ముడూ."

"ఏసుదాసన్న 'ఇప్పుడే' అని మూడుసార్లంటారు. మూడోసారికి మీరు పైన ఉండాలి. ఆ తర్వాత జనమే చూసుకుంటారు."

జెమీమా నవ్వింది. "ఆత్మ ఎటు నడిపిస్తే అటు మాట్లాడతారంటారుగా ఆయన? మూడుసార్లే అంటారని నీకు ముందే ఎట్టా తెలుసు?"

"ఊరుకోండక్కా! బర్మింగ్‌హామ్‌లో ఇదే, లెస్టర్‌లో ఇదే. స్వరం కూడా ఇదే."

అప్పటికి ఆమెకు అది తప్పుగా తోచలేదు. పెద్ద పనివాళ్ళతో పని చేస్తున్నానన్న హుషారే తోచింది.

ఉదయం సభ ఉప్పెనలా లేచింది. పాటలకే కుర్చీలు ఖాళీ, అందరూ నిలబడి చప్పట్లు. ఏసుదాసు తెల్లని లాల్చీలో వేదికెక్కి కళ్ళు మూసుకున్నాడు. "ఈ హాల్లో ఒకరున్నారు. ఇంటి లీజు గురించి నిద్ర లేని రాత్రులు గడుపుతున్నారు. ప్రభువు మీ పేరు నాకు చూపిస్తున్నాడు."

ఐర్లండులో ఆ సంవత్సరం అద్దెలు మండిపోయాయి, ఇంటి లీజు బెంగ లేకుండా నిద్రపోయినవాళ్ళెవరూ లేరు. హాల్లో సగం చేతులు లేచాయి. "వీసా కాగితం ఒకటి ఆగిపోయింది" అన్నాడు. మిగతా సగం లేచాయి. 'ఇప్పుడే' అన్నాడు, మళ్ళీ 'ఇప్పుడే' అన్నాడు. నవదీప్ వేలు తిరిగింది. జెమీమా అర మెట్టు పైకెత్తింది. మూడో 'ఇప్పుడే'కి ట్రాలీ నుంచి వచ్చిన ఒకామె బావురుమని నేల మీద పడింది. వరసలకు వరసలే ఏడ్చాయి. జెమీమాకు కూడా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ క్షణంలో ఎవరైనా అడిగితే, పరలోకం ఈ క్లబ్బు పైకప్పు దాకా దిగిందని ఒట్టేసి చెప్పేది.

మధ్యాహ్నం బిర్యానీ వరసలో దేవదాసు కనపడలేదు. వెతికితే, నడవలో జట్ల ఫొటోల కింద బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏవండీ, తినరా?"

"సాయంత్రం దాకా ఉపవాసమే."

"మరి బిళ్ళ ఖాళీ కడుపునే వేసుకున్నారా?"

"వేసుకోలా."

"పొద్దుటిదా?"

"బుధవారం నుంచీ."

జెమీమా చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేసింది.

"ఉపవాసంలో బిళ్ళ మింగితే ఉపవాసం విరిగినట్టే గదా" అన్నాడు దేవదాసు. "ముందు అందుకే మానేశా. ఇప్పుడనిపిస్తోంది, దేవుడే మాన్పించాడని. చూడు, ఏవన్నా అయిందా నాకు? సాయంత్రం బుట్టలో వేసేది నేనే ముందు."

"ఒక్కపూట కూడా తప్పొద్దని ఆ నర్సు ఎన్నిసార్లు చెప్పింది మీకు?"

"నర్సు ప్రార్థన చేసి చెప్పిందా?"

"పొద్దున మమ్మల్నిద్దర్నీ హైవే మీద తీసుకొచ్చింది మీరే గదండీ!"

వెనకే వచ్చిన కెజియాకు పద్నాలుగేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం డ్రోహెడా ఇంగ్లీషులో. "డాడ్, యూ డ్రోవ్ అస్ విత్ నో టాబ్లెట్స్? ఆర్ యూ సీరియస్?"

"నువ్వెళ్ళి తిను" అన్నాడు తండ్రి. ఆ పిల్ల కదల్లేదు.

దేవదాసు భార్య వైపు తిరిగాడు. "నీకు తెలీదు జెమీమా. మీటింగులో మాట మధ్యలో మాట పోతుంది. నలుగురూ నా నోటి వంక చూస్తూ ఉంటారు. ఈ బిళ్ళలతో నేను సగం మనిషినయ్యా. ఇందాక నాకు ఒళ్ళంతా వెచ్చబడింది. తల మీంచి కాళ్ళ దాకా. అది దేవుడి చెయ్యి కాకపోతే ఇంకేంటి?"

"ఎప్పుడు వెచ్చబడింది?"

"ఆయన మూడోసారి 'ఇప్పుడే' అన్నప్పుడు."

ఆ క్షణంలో స్వరాన్ని పైకెత్తింది ఎవరి చెయ్యో జెమీమాకు తెలుసు. సంచిలోంచి బిళ్ళల పెట్టె తీసి ఇస్తే అతను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, మింగడానికి కాదు. బతిమాలింది, కోప్పడింది. వినలేదు. ఇక మిగిలింది మందులు తెమ్మన్నవాళ్ళను అడగడమే.

కృపారావు డేగిసా పక్కన చెమటలు కక్కుతూ ఆనందంగా వడ్డిస్తున్నాడు. "అన్నా, సాయంత్రం మందులు బుట్టలో వేయించడం మీకు సమ్మతమేనా?" అంది.

"అమ్మా, ఈ టైములో అవన్నీ ఎందుకు? ట్రాలీ వాళ్ళ బస్సు ఆరున్నరకి పోవాలి. ముందు మీటింగు కానీ."

"ఎవరు చెప్పినా లేఖనాలతో సరిచూడమని, ప్రవచనమైతే పెద్దలు తూచాలని ప్రతి బుధవారం వాక్యధ్యానంలో చెప్పేది మీరే గదా! తూచారా?"

కృపారావు గరిటె ఆగింది. "పెద్దాయన్ని పిలిచి పరీక్ష పెడితే బాగుంటుందా చెప్పు? నీకంత అనుమానముంటే నువ్వే అడుగు."

అడిగింది. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో ఏసుదాసు వేణ్ణీళ్ళు తాగుతున్నాడు. దగ్గరగా చూస్తే బొంగురు గొంతుతో, అలసిన మనిషి. మర్యాదగా కూర్చోమన్నాడు.

"అయ్యా, సాయంత్రం మందులు మానెయ్యమని చెబుతారా?"

"నేనెప్పుడూ అలా అనను సిస్టర్. నా వీడియోలన్నీ చూడండి. బుట్టలో వెయ్యమంటాను, అంతే."

"వేసినవాళ్ళు రేపు పొద్దున ఏం చెయ్యాలి?"

"అది వాళ్ళ విశ్వాసం."

"ఎవరికన్నా ఏమన్నా అయితే?"

"విశ్వాసం చాలలేదని అర్థం."

"అయితే మీ మాట ఎప్పటికీ తప్పు కాదన్నమాట."

ఏసుదాసు గ్లాసు కింద పెట్టాడు. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "నీ చేతుల్లో అభిషేకం ఉంది తల్లీ. ప్రశ్నలతో దాన్ని పాడు చేసుకోకు. ఇలా అడిగిన కుటుంబాలు ఏమైపోయాయో నేను చూశాను."

జెమీమా బయటికి వచ్చింది. నిజంగానే భయపడింది. పుట్టినప్పటి నుంచి చర్చిలో పెరిగిన మనిషికి ఆ మాట చిన్నది కాదు. కానీ ఆ భయమే ఆమెను ఆలోచించేలా చేసింది. ఉదయం నుంచి తాను విన్న మాటల్లో తప్పని తేలడానికి వీలున్న మాట ఒక్కటీ లేదు. అడగడానికి వీలున్న మాట కూడా లేదు. ఆమె ఎరిగిన పాత పాస్టర్లు ప్రసంగం మధ్యలో ఆగి, "నా మాట నమ్మొద్దు, తెరిచి చూడండి" అనేవారు. ఈయన ఉదయం సభలో ఒక్కసారి కూడా వాక్యం తెరవమనలేదు. ప్రభువు చూపిస్తున్నాడన్నాడు, జనం ఏడ్చారు, తాను వాయించింది. అంతే జరిగింది.

సాయంత్రం సభకు గోడల వెంబడి కూడా మనుషులు నిలబడ్డారు. వేదిక ముందు పెద్ద వెదురు బుట్ట. ఏసుదాసు మొదలుపెట్టాడు. జెమీమా వాయిస్తోంది. వాయించకూడదనుకుంది, కానీ రెండు వందల మంది ముందు చేతులు వాటంతట అవే కదులుతాయి. "విడుదల!" అన్నాడు ప్రవక్త. డ్రమ్ము మోగింది. "మీ సంకెళ్ళు తెచ్చి ఇక్కడ పడెయ్యండి!" మొదటి వరసలు లేచాయి. సంచులు తెరుచుకున్నాయి. బిళ్ళల అట్టలు, సీసాలు, ఇన్సులిన్ పెన్నులు.

మధ్య నడవలోంచి దేవదాసు వస్తున్నాడు. చేతిలో ఆ పెట్టె. కళ్ళు మూసుకుని, స్వరం ఎటు లాగితే అటు.

"ఇప్పుడే!" అన్నాడు ఏసుదాసు.

నవదీప్ వేలు తిరిగింది. జెమీమా అర మెట్టు పైకెత్తింది. దేవదాసు అడుగు వేగం పెరిగింది. ఆమె అది కళ్ళారా చూసింది. తాను ఎత్తితే అతను నడుస్తున్నాడు.

"ఇప్పుడే!"

నవదీప్ వేలు మళ్ళీ తిరిగింది. జెమీమా రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

శబ్దం తెగిపోయింది. డ్రమ్ముల అబ్బాయి ఇంకో రెండు దెబ్బలు కొట్టి, తానొక్కడే కొడుతున్నానని తెలిసి ఆగాడు. నవదీప్ వేలు గాలిలో గిరగిరా తిరిగింది. ఆమె కదల్లేదు. అతను పరుగున వచ్చి వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు.

"కరెంటు పోయిందా?" అని వెనక నుంచి ఎవరో.

"లైట్లు వెలుగుతుంటే కరెంటెక్కడ పోయిందయ్యా!" అని ఇంకెవరో.

"అక్కా, ఏమైంది? వాయించండక్కా!" అన్నాడు నవదీప్ పళ్ళ బిగువున.

"చేతులు నావే తమ్ముడూ. నేనే ఆపాను."

"సంగీతం, సిస్టర్" అన్నాడు ఏసుదాసు మైకులో. తర్వాత మూడో 'ఇప్పుడే' అన్నాడు. అది వేదిక మీంచి కిందికి దిగి, కుర్చీల మధ్య ఎక్కడో పడిపోయింది. ఎవరూ ఏడవలేదు. కిటికీలోంచి మైదానంలో ఆడుతున్న పిల్లల కేకలు, విజిల్ వినపడ్డాయి. సంగీతం లేని ఆ సభలో మిగిలింది బొంగురు గొంతున్న ఒక మనిషి, ఒక బుట్ట. "మందులు వెయ్యండి" అన్నాడు ఆ మనిషి.

అప్పుడు బుట్ట ముందు నిలబడ్డవాళ్ళలోంచి సరోజ ఆంటీ ముందుకొచ్చింది. హనుమకొండలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, స్లైగోలో డాక్టరు కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. చేతిలో మందుల సంచి ఉంది.

"అయ్యగారూ, నాకొక ముచ్చట చెప్పున్రి. షుగరు గోలీలు గూడ ఈ బుట్టలనే వెయ్యాల్నా?"

"అన్నీ వెయ్యండమ్మా. విశ్వాసంతో."

"వేస్త. మరి రేపు పొద్దుగాల ఏం వేసుకోవాలె?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"విశ్వాసం ఉంచండి" అన్నాడు ఏసుదాసు.

"నలభై ఏండ్ల సంది ఉంచుతనే ఉన్న అయ్యగారూ. గోలీ వేసుకుంటనే నమ్ముకున్న. ఆ దేవునికి ఈ గోలీ ఏమన్న అడ్డమొచ్చిందా? గది చెప్పున్రి."

ఈసారి నవ్వు వరసలు దాటింది. నవ్వు వెనకే గుసగుసలు. "నా బీపీ మాత్రలు?" "మా బాబు ఇన్‌హేలర్?" "డాక్టర్ని అడగాలి గదా?" ఇంతసేపూ గొంతులోనే ఉన్న ప్రశ్నలు ఒక్కసారిగా లేచాయి. ఏసుదాసు ముఖం ఎర్రబడింది. కీబోర్డు వైపు వేలు చూపించాడు. "ఈ స్త్రీలో తిరుగుబాటు ఆత్మ ఉంది! సభను బంధించింది!"

జెమీమా లేచి నిలబడింది. మైకు లేదు, అయినా అందరికీ వినపడింది. "అయ్యా, ఒక్క మాట అనండి చాలు. డాక్టరు చెప్పేదాకా ఎవరూ మందు మానొద్దని అనండి. నేను మళ్ళీ వాయిస్తా."

ఆయన అనలేదు. అందరూ ఎదురు చూశారు, అనలేదు.

కృపారావు ఎప్పుడు వేదికెక్కాడో ఎవరూ గమనించలేదు. బిర్యానీ మరకల చొక్కాతోనే మైకు అందుకున్నాడు. "ఇక్కడ సంఘ పెద్దని నేను. పొద్దున చెయ్యాల్సిన పని ఇప్పుడు చేస్తున్నా. ఎవరి మందులు వాళ్ళు తీసుకోండి. ఒక్క బిళ్ళ కూడా ఇక్కడ మిగలకూడదు. ప్రార్థన ఎంతసేపైనా చేద్దాం. మందులు మాత్రం ఇంటికి పోతాయి."

ఇక ఈ సంఘంతో సంబంధం లేదన్నట్టు ఏసుదాసు కాళ్ళ ధూళి దులిపి వేదిక దిగిపోయాడు. అతని వెంట ఇరవై మంది దాకా లేచి వెళ్ళారు. పోతూ పోతూ ఒకామె జెమీమా వైపు చూసి, "దేవుడి పని చెడగొట్టావు, అనుభవిస్తావు" అంది. మిగిలినవాళ్ళు బుట్ట చుట్టూ మూగారు. "ఇది నీదా?" "కాదు, నాది నీలం అట్ట!" సంతలా ఉంది.

ఆ గోలలో దేవదాసు నడవ మధ్యలోనే నిలబడి ఉన్నాడు. పెట్టె చేతిలోనే ఉంది. జెమీమా దగ్గరికి వెళ్ళింది.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"తిట్టండి. ముందు బిళ్ళ వేసుకుని, తర్వాత తిట్టండి."

"నువ్వు ఆపకపోతే నాకు స్వస్థత..."

"ఏవండీ, ఇటు చూడండి. పొద్దున మీకు ఒళ్ళు వెచ్చబడినప్పుడు నా చెయ్యే స్వరాన్ని పైకెత్తింది. అది నేనే. మిమ్మల్ని నడిపించింది నేనే. ఇప్పుడు ఏ వాయిద్యమూ లేదు. దేవుడే మందు మానమని చెప్పి ఉంటే, నేను వాయించడం మానేస్తే ఆయన చెప్పడం మానేస్తాడా? వినండి. ఇంకా అదే వినపడుతోందా?"

దేవదాసు కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే విన్నాడు. కెజియా నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని తండ్రినే చూస్తోంది.

అతను కళ్ళు తెరిచాడు.

"ఏమీ వినపడటం లేదు" అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, "ఆకలేస్తోంది" అన్నాడు.

కెజియా ఒక్క గెంతున వంటగదిలోకి పరిగెత్తింది. "వన్ ప్లేట్! క్విక్, క్విక్!" ఆ కేకకు అడుగంటిన డేగిసాలోంచి ఇద్దరాంటీలు పోటీ పడి వడ్డించారు. దేవదాసు నాలుగు ముద్దలు తిని, బిళ్ళ నోట్లో వేసుకుని, కూతురి సీసాతో నీళ్ళు తాగాడు. జెమీమా అప్పటికే సెలవు రోజుల డాక్టరు నంబరుకు ఫోను కలిపింది. మందు ఎప్పటిలా మొదలుపెట్టమన్నారు, అతన్ని ఒంటరిగా వదలొద్దన్నారు, సోమవారం ఆస్పత్రికి ఫోను చేసి అడిగేదాకా స్టీరింగు ముట్టొద్దన్నారు.

"మళ్ళీ రైలే" అన్నాడు దేవదాసు. కారు తాళాలు తీసి కృపారావు చేతిలో పెట్టాడు. "అన్నా, ఇంటి దాకా దింపండి."

"నిన్నేంటయ్యా, నీ బండినీ, నిన్నూ, నీ ప్లేటునీ కూడా దింపుతా" అన్నాడు కృపారావు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు.

బయట ట్రాలీ బస్సు డ్రైవరు హారను మోగించాడు. జనం సంచులు వెతుక్కుంటున్నారు. వెళ్ళాలా, కూర్చోవాలా ఎవరికీ తెలియటం లేదు. దేవదాసు మూతి తుడుచుకుని భార్య వైపు చూశాడు. కోపం పూర్తిగా పోలేదు.

"ఏంటి నిలబడ్డావు? ఇంత దూరం నుంచొచ్చిన జనాన్ని పాట కూడా లేకుండా పంపిస్తావా?"

జెమీమా దాదాపు పరుగున వెళ్ళి కీబోర్డు ముందు నిలబడింది. నవదీప్ లేడు, సైగలు లేవు. డ్రమ్ముల అబ్బాయికి కనుసైగ చేసింది. అందరికీ వచ్చిన పాటే ఎత్తుకుంది, అందరి గొంతుకూ అందే స్వరంలో. సరోజ ఆంటీ మందుల సంచి భుజాన తగిలించుకుని అందరికన్నా ముందు అందుకుంది. తలుపు దాకా పోయిన ట్రాలీ వాళ్ళు వెనక్కి వచ్చారు. బయట హారను మోగుతూనే ఉంది, లోపల ఎవరూ వినిపించుకోలేదు.